హెడ్‌సెట్‌లో 96 మార్కులు, థియేటర్‌లో తప్పిన మాప్ లెక్క: సంతకం పెట్టాలా, మానాలా?

పేరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక ఆపరేషన్ థియేటర్ సిస్టర్ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆవిడ 19 ఏళ్లుగా స్క్రబ్ నర్సు, అంటే ఆపరేషన్‌లో సర్జన్ పక్కన నిలబడి ఇన్‌స్ట్రుమెంట్లు అందించే నర్సు. థియేటర్‌కు కొత్తగా వచ్చే నర్సులకు పని నేర్పే బాధ్యత కూడా ఆవిడదే. ఇంతకాలం ఒక్కో కొత్త నర్సు 12 వారాలు సీనియర్ పక్కన నిలబడి పని నేర్చుకునేది. ఎనిమిది నెలల కిందట ఆస్పత్రి నాలుగు వీఆర్ హెడ్‌సెట్లు (కళ్లకు పెట్టుకుంటే థియేటర్‌లో ఉన్నట్టే చూపించే పరికరాలు) కొన్నది. దాంతో ఆ 12 వారాలు కాస్తా 5 అయ్యాయి. మిగతాది హెడ్‌సెట్‌లో నేర్చుకుంటారన్నారు.

ఈ బ్యాచ్‌లో ఆరుగురు. వాళ్లలో ఒకమ్మాయి లాపరాటమీ (పొట్ట తెరిచే ఆపరేషన్) పాఠంలో 96 మార్కులు తెచ్చుకుంది. అసలు థియేటర్‌లో రెండో రోజే, రక్తం ఒక్కసారిగా పొంగినప్పుడు చేతిలో ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాన్ని పట్టి మూసే ఇన్‌స్ట్రుమెంట్) పట్టుకుని కొయ్యబారిపోయింది. పొట్ట మూసే ముందు లెక్కలో ఒక మాప్ (రక్తం పీల్చుకునే గుడ్డ) తక్కువ వచ్చింది. ఇరవై నిమిషాలు వెతికితే, వాడిన మాప్‌లు పడేసే కిక్ బకెట్‌లో మరో మాప్‌కు అంటుకుపోయి దొరికింది. పేషెంట్‌కు ఏమీ కాలేదు. సర్జన్ మాత్రం అందరి ముందూ "మీరేం నేర్పారు?" అని ఈవిడనే నిలదీశారు.

ఇప్పుడు ఆ ఆరుగురి ఫారాల మీద "స్వతంత్రంగా స్క్రబ్ చేయగలరు" అన్న గడిలో ఆవిడ సంతకం పెట్టాలి. నర్సింగ్ సూపరింటెండెంట్ గారు "90 దాటితే చాలు, మెషీనే చెబుతోందిగా" అంటున్నారు. ఎవరికీ చెప్పుకోని బాధ ఇంకొకటి ఉంది. హెడ్‌సెట్ పెట్టుకున్న ఏడు నిమిషాలకే ఆవిడకు తల తిరిగి వాంతి వచ్చేలా ఉంటుంది. రీడింగ్ గ్లాసెస్ పెట్టుకుని చూసినా బొమ్మ మసకే. అందువల్ల ఆ పాఠాల్లో ఏముందో పూర్తిగా చూడనే లేదు. "నాకు కాలం చెల్లిపోయిందా? సంతకం పెట్టనా, మాననా? పెట్టనంటే కొత్తదాన్ని ఓర్వలేక అడ్డం పడుతున్నానంటారు" అని రాశారు.

సిస్టర్ గారూ,

మీరు అడిగింది సంతకం గురించి. ముందు మాత్రం తలతిరుగుడు సంగతి తేల్చుకుందాం. ఆ పాఠాలు మీరు చూడనంతవరకు 96 అంటే ఏమిటో మీకు తెలియదు. అది తెలియకుండా సూపరింటెండెంట్ గారితో మాట్లాడితే మీ మాట నిలవదు.

తల తిరగడం చేతకానితనం కాదు. హెడ్‌సెట్‌లో కళ్లేమో "నడుస్తున్నాను" అంటాయి. ఒంటి నిలకడను చూసుకునే లోచెవి "కదల్లేదు" అంటుంది. రెండిటికీ పొత్తు కుదరక వికారం పుడుతుంది. కదిలే బస్సులో పుస్తకం చదివితే వచ్చేదీ ఇదే కోవది. ఆ వికారం వస్తున్నా పళ్ల బిగువున కూర్చుని అలవాటు చేసుకోవాలనుకోవడం పెద్ద పొరపాటు. అలా చేస్తే మర్నాడు హెడ్‌సెట్ చేతిలోకి తీసుకోగానే కడుపులో తిప్పడం మొదలవుతుంది. వికారం కంటే ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి: ఆవులింతలు, నోట్లో నీళ్లూరడం, నుదుటి మీద చెమట, ఒళ్లు వేడెక్కినట్టుండడం. వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తీసి పక్కన పెట్టేయండి. మొదటి రోజు 5 నిమిషాలు చాలు. మర్నాడు మళ్లీ 5. ఇబ్బంది లేకపోతే రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోండి. చాలామందికి వారం పది రోజుల్లో పావుగంట వరకు ఓపిక వస్తుంది. కొందరికి ఎప్పటికీ రాదు. అలాంటి వాళ్లకు ఇంకో దారి ఉంది, అది కింద చెబుతాను.

పెట్టుకునే ముందు మూడు సర్దుబాట్లు చేసుకోండి. మొదటిది కళ్లజోడు. హెడ్‌సెట్ తెర కంటికి రెండంగుళాల దూరంలోనే ఉన్నా, లెన్సుల వల్ల కన్ను సుమారు మీటరున్నర దూరంలో ఉన్న వస్తువును చూసినట్టే చూస్తుంది. కాబట్టి రీడింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే మసకే కనిపిస్తుంది. మీకు జరిగింది అదే అయ్యుంటుంది, అవి తీసేయండి. దూరపు చూపుకు అద్దాలుంటే మాత్రం పెట్టుకోవాలి. రెండోది కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో ఇది చాలావరకు 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అద్దం ముందు నిలబడి స్కేలుతో కొలుచుకోండి, లేదా కళ్లద్దాల చీటీ మీద ఉంటుంది చూడండి. హెడ్‌సెట్‌లో లెన్సులను జరిపే ఏర్పాటుంటే ఆ అంకెకు జరపండి. ఒక బ్యాచ్‌లో అందరూ ఒకే హెడ్‌సెట్‌ను చేతులు మార్చుకుంటారు గానీ ఈ సర్దుబాటు ఎవరూ చేయరు, తలనొప్పులకు ఇదొక ముఖ్య కారణం. మూడోది కదిలే పద్ధతి. సెట్టింగ్స్‌లో నడుచుకుంటూ పోయినట్టు జారే కదలిక ఉంటే తీసేసి, ఒక చోటి నుంచి మరో చోటికి ఒక్కసారిగా చేరే పద్ధతి పెట్టండి. మొదట్లో కూర్చునే చేయండి. ఎదురుగా చిన్న ఫ్యాన్ ఉంటే ఇంకా మంచిది. వీఆర్ చేసిన వెంటనే డ్రైవింగ్ వద్దు, స్క్రబ్ కూడా వద్దు. అరగంట ఆగండి.

ఇంత చేసినా కుదరకపోతే, ట్రైనీ చూసేదాన్ని మానిటర్ మీదకు తెప్పించి చూడండి. ఇంకొకరి తల ఊపుతో కదిలే బొమ్మను దగ్గర నుంచి చూసినా కొందరికి వికారం వస్తుంది, కాబట్టి రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చోండి. దాంతోపాటు ఈ పాఠం దేనికి ఎన్ని మార్కులు ఇస్తోందో, దేనికి కోస్తోందో పూర్తి జాబితా కాగితం మీద కావాలని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వాళ్లను అడగండి. నేర్పే మనిషికి దాన్ని అడిగే హక్కుంది. ఆ జాబితా చేతికొస్తే హెడ్‌సెట్ పెట్టుకోకుండానే సగం సంగతి మీకు తెలిసిపోతుంది. మీకు వికారం వస్తుందన్న సంగతి దాచకండి. "నాకు హెడ్‌సెట్ ఎక్కువసేపు పడదు, మానిటర్ మీద చూస్తాను" అని మామూలుగా చెప్పేయండి. ఆ ఆరుగురిలో కూడా ఒకరిద్దరు మీలాగే దాచుకుని ఉండొచ్చు. వికారంతో చేసిన పాఠంలో తప్పులు రావడం సహజం, ఆ మార్కులకు అర్థం లేదు.

ఇక 96 దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి దొంగ మార్కులేమీ తెచ్చుకోలేదు. హెడ్‌సెట్ అడిగినవి ఆమెకు వచ్చు. మాప్ దొరకని రోజు థియేటర్ అడిగినవి వేరు.

ఇలాంటి పాఠాల్లో ఎక్కువ భాగం కొలిచేది మూడింటిని: వరుస తప్పకుండా చేశారా, సరైన ఇన్‌స్ట్రుమెంట్ ఎంచుకున్నారా, ఎంతసేపట్లో పూర్తి చేశారు. నేర్పే పద్ధతిలో ఉన్నప్పుడు తర్వాత అందించాల్సిన ఇన్‌స్ట్రుమెంట్ మెరుస్తూ కనిపిస్తుంది, లేదా పేరు తెర మీద వస్తుంది. మెరిసేదాన్ని చూసి గుర్తుపట్టడం వేరు, ఏ ఆసరా లేకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. ఆ అమ్మాయి 96 ఏ పద్ధతిలో తెచ్చుకుందో ముందు కనుక్కోండి. సూచనలు ఆపేసి మళ్లీ చేయించండి. మార్కులు 70కి పడిపోతే ఆశ్చర్యపోకండి, ఆమెను నిరుత్సాహపడనివ్వకండి కూడా. ఆమె అసలు స్థాయి అప్పుడే తెలుస్తుంది, నేర్పడం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇంకో తేడా గొంతుది. హెడ్‌సెట్‌లో సర్జన్ "మెట్జెన్‌బామ్ సిజర్స్" అని నిదానంగా, స్పష్టంగా అడుగుతాడు. అసలు సర్జన్ మాస్కు లోపలి నుంచి "సిజర్" అంటారు, లేదా ఏమీ అనకుండా చెయ్యి చాపుతారు. అటు సక్షన్ చప్పుడు, ఇటు మానిటర్ బీప్. ఆ అమ్మాయి ఫోర్సెప్స్ పట్టుకుని ఆగిపోయిందంటే ఆ క్షణంలో ఆమెకు ఎవరూ పేరు పెట్టి ఏదీ అడిగి ఉండరు. రక్తం పొంగినప్పుడు సర్జన్ నోరు తెరిచే లోపే సక్షన్, మాప్, క్లాంప్ చేతికి రావాలి. ఈ ముందుచూపు వీఆర్‌లోనూ కొంత నేర్పొచ్చు, అయితే పాఠాన్ని అలా నడిపించాలి. మీరు పక్కన నిలబడి పాఠాన్ని మధ్యలో ఆపి "ఇప్పుడేం కావాలి? ఎందుకు?" అని అడగండి. మీ థియేటర్‌లో వాడే పొట్టి పేర్లతో మీరే అడగండి. ఫోన్‌లో సక్షన్ శబ్దం పెట్టండి.

చేతుల సంగతి మీరు ముఖ్యంగా గమనించాలి. కంట్రోలర్లు పట్టుకుని చేతులు ఎత్తి ఉంచితే పది నిమిషాలకే భుజాలు లాగుతాయి. తెలియకుండానే చేతులు నడుము కిందికి జారతాయి. గౌను ముందుభాగం ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు వరకే స్టెరైల్ (క్రిములు లేనిది) అనీ, చేతులు ఆ కిందికి దిగాయంటే కలుషితమైనట్టేననీ మీకు నేను చెప్పక్కర్లేదు. చాలా పాఠాలు దీన్ని పట్టించుకోవు. హెడ్‌సెట్‌లో మోచెయ్యి ట్రాలీ అంచులోంచి దూరిపోయినా ఏమీ తగిలినట్టుండదు, తప్పూ పడదు. అలా నలభై సార్లు చేస్తే నలభై సార్లు తప్పును సాధన చేసినట్టే. ట్రైనీ హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు మీరు తెరను కాక ఆమె ఒంటిని చూడండి. చెయ్యి జారిన ప్రతిసారీ "చేతులు" అని ఒక్క మాట అనండి. మీరు మాత్రమే చేయగలిగే పని ఇది, ఏ మార్కుల పట్టికా చేయలేదు.

మాప్ లెక్క. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. హెడ్‌సెట్‌లో మాప్‌లు తెల్లగా, విడివిడిగా, వరుసగా ఉంటాయి. బటన్ నొక్కితే అంకె పెరుగుతుంది. అసలు మాప్ రక్తంలో నాని, ముడుచుకుని, పక్కదానికి అతుక్కుని వస్తుంది. రెండు కలిసి ఒకటిలా కనిపిస్తాయి. మీ కిక్ బకెట్‌లో జరిగింది ఇదే. దీన్ని ఏ తెరా నేర్పలేదు, ఎందుకంటే ఈ పాఠం వేళ్లు నేర్చుకోవాల్సింది. మాప్ బకెట్‌లో పడగానే సర్క్యులేటింగ్ నర్సు (స్క్రబ్ చేయకుండా గదిలో తిరుగుతూ సాయం చేసే నర్సు) దాన్ని తీసి, పూర్తిగా విప్పి, మాప్‌కు ఉండే టేప్ కనిపించేలా విడిగా వేలాడదీయాలి. మాప్‌లు ఐదేసి కట్టలుగా వస్తే ఐదేసిగానే లెక్కపెట్టాలి. ఇద్దరూ చూస్తూ, ఇద్దరూ పైకి అంటూ లెక్కపెట్టాలి. ఎప్పుడూ ఒకే వరుస: ముందు గాయం, తర్వాత మేయో ట్రాలీ (పేషెంట్ పక్కనే ఉండే చిన్న ట్రే), ఆ తర్వాత పెద్ద ట్రాలీ, చివరికి బకెట్. మధ్యలో ఎవరైనా పిలిచి లెక్క ఆగితే, ఆ రకాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. మొదలుపెట్టే ముందు, పొట్ట మూసే ముందు, చర్మం కుట్టేటప్పుడు, డ్యూటీ మారినప్పుడు లెక్క తప్పనిసరి. గర్భసంచి లాంటి లోపలి అవయవాన్ని తెరిచి ఉంటే దాన్ని మూసే ముందు కూడా.

దీనికి డబ్బు ఖర్చుపెట్టక్కర్లేదు. ఒక బేసిన్, ఎర్ర రంగు కలిపిన నీళ్లు, పాత మాప్‌లు పది చాలు. వాటిలో రెండింటిని కావాలని అంటించి పడేయండి. ఒకటి డ్రేప్ (పేషెంట్ మీద కప్పే స్టెరైల్ గుడ్డ) మడతలో దాచండి. ట్రైనీలను ఇద్దరిద్దరిగా నిలబెట్టి లెక్కపెట్టించండి. లెక్క తప్పితే ఏం చేయాలో పూర్తిగా చేయించండి: వెంటనే సర్జన్‌కు పైకి చెప్పడం, మూయడం ఆపమనడం, సర్జన్ లోపల వెతుకుతుండగా ఇటు మళ్లీ లెక్కపెట్టడం, నేల, బకెట్లు, డ్రేప్ మడతలు, చెత్త సంచులు చూడడం, ఏ సంచీనీ గది దాటనివ్వకపోవడం. అప్పటికీ దొరక్కపోతే పేషెంట్‌ను బయటికి తీసుకెళ్లే ముందే ఎక్స్‌రే. తర్వాత అంతా రాతలో పెట్టడం. "సర్, ఒక మాప్ తక్కువుంది, మూయకండి" అన్న వాక్యం కొత్త అమ్మాయి నోట రావడమే అన్నిటికంటే కష్టం. ఆ వాక్యాన్ని గట్టిగా, పదిసార్లు, మీ ఎదుట అనిపించండి. సర్జన్ పాత్ర మీరే వేసి విసుక్కోండి. ఆ విసుగును మీ దగ్గర ముందే రుచి చూసిన అమ్మాయి అసలు గదిలో నోరు తెరవగలదు.

ఇదంతా చదివి వీఆర్ దండగని అంటున్నానని అనుకోకండి. అది బ్రహ్మాండంగా పనికొచ్చే చోట్లు ఉన్నాయి, వాటిని మీరు వదులుకోకూడదు. అరుదుగా వచ్చే ప్రమాదాలను పేషెంట్ మీద సాధన చేయలేం. థియేటర్‌లో మంట తీసుకోండి. ఆక్సిజన్, కాటరీ (కరెంటుతో కోసే, రక్తం ఆపే పరికరం) నిప్పు, ఆల్కహాల్ తడి ఆరని డ్రేప్ ఒక్కచోట కలిస్తే చాలు. ఆల్కహాల్ ఉన్న ప్రెప్ (కోతకు ముందు చర్మానికి పూసే క్రిమినాశక మందు) వేశాక వెంట్రుకలు లేని చర్మం మీద కనీసం 3 నిమిషాలు ఆరనివ్వాలని పుస్తకంలో చదివితే ఎంతమందికి గుర్తుంటుంది? డ్రేప్ కింద మంట లేచిన గదిలో ఒక్కసారి నిలబడ్డవాళ్లు మర్చిపోరు. అనస్థీషియా మందుల వల్ల ఒళ్లు విపరీతంగా వేడెక్కిపోయే మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా కూడా అంతే. ఎవరు పిలవాలి, కిట్ ఎక్కడుంది, ఎవరు మందు కలపాలి, ఎవరు ఐస్ తేవాలి అన్నదంతా హెడ్‌సెట్‌లో చక్కగా వస్తుంది. కలపడం మాత్రం రాదు. దీనికి ఇచ్చే మందు డాంట్రోలిన్. అది 20 మిల్లీగ్రాముల వయల్ అయితే ఒక్కోదానికి 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పట్టాలి. మొదటి డోసు కిలోకు 2.5 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 150 మిల్లీగ్రాములు. ఎనిమిది వయల్స్ విప్పాలి, దాదాపు అర లీటరు నీళ్లు కలపాలి, కరిగేదాకా గిలక్కొట్టాలి. గడువు తీరిన వయల్స్ ఉంటే పారేయకుండా అడిగి పెట్టుకోండి. హెడ్‌సెట్ పాఠం అయిన వెంటనే అవి ఇచ్చి గడియారం పెట్టి కలపమనండి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదని వాళ్లకే తెలుస్తుంది.

పేషెంట్‌కు మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ గది దాటే ముందు చదివే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టుకు కూడా వీఆర్ బాగా సరిపోతుంది. 2009లో వచ్చిన అధ్యయనంలో ఎనిమిది ఆస్పత్రుల్లో దాన్ని అమలు చేశాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. 19 అంశాలూ బట్టీ పడితే సరిపోదు, అందరినీ ఆపి గట్టిగా చదవాలి. ఆ ఆపడమే వాళ్లకు అలవాటు కావాలి.

సూపరింటెండెంట్ గారు "వీఆర్‌తో నేర్చుకున్నవాళ్లు మెరుగని పరిశోధనలు ఉన్నాయి" అనొచ్చు. నిజమే. 2002లో 16 మంది సర్జరీ రెసిడెంట్ల (సర్జరీ నేర్చుకుంటున్న డాక్టర్ల) మీద చేసిన అధ్యయనం అందరూ ఉదహరిస్తారు. వీఆర్‌లో సాధన చేసినవాళ్లు పిత్తాశయాన్ని విడదీసే పని 29 శాతం వేగంగా చేశారు, తప్పులు కూడా బాగా తక్కువ. అయితే అక్కడ సాధన చేసిన పరికరం లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) హ్యాండిళ్లున్నది. చేతికి దొరికిన హ్యాండిలు, అసలు ఆపరేషన్‌లో పట్టుకునే హ్యాండిలు దాదాపు ఒకటే. పైగా వాళ్లను నిపుణుల స్థాయి వచ్చేదాకా సాధన చేయించారు, ఇన్ని గంటలని లెక్క కట్టి ఆపలేదు. మీ ట్రైనీ చేతిలో ఉన్నది ప్లాస్టిక్ కంట్రోలర్. నీడిల్ హోల్డర్‌లో సూదిని దారం వైపు నుంచి మూడో వంతు దూరంలో పట్టించడం, ఎడమచేతి సర్జన్‌కు దాన్ని తిప్పి ఇవ్వడం, గ్లవ్స్ మూసిన పద్ధతిలో (వేళ్లు గౌను చేతుల్లోంచి బయటికి రాకుండా) తొడుక్కోవడం ఆ కంట్రోలర్‌తో రావు. ఈ సంగతి మర్యాదగా చెబితే కొత్తదాన్ని ఓర్వలేకపోతున్నారని ఎవరూ అనలేరు.

ఇప్పుడు సంతకం. మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

అడిగినట్టే ఆరు ఫారాల మీదా పెట్టేయొచ్చు. గొడవ ఉండదు. అయితే ఆ ఫారంలో "90 మార్కులు వచ్చాయి" అని లేదు, "స్వతంత్రంగా స్క్రబ్ చేయగలరు" అని ఉంది. రేపు ఏదైనా జరిగితే ఆ వాక్యం కింద ఉండేది మెషీన్ పేరు కాదు, మీది. ఆ అమ్మాయిలకూ ఇది మేలు కాదు. సంతకం పడ్డాక పక్కన సీనియర్ ఉండరు, రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీ కూడా వేసేస్తారు.

అసలు పెట్టనని కూర్చోవచ్చు. మనసుకు తృప్తిగా ఉంటుంది గానీ, ఆరుగురిలో నిజంగా పని వచ్చినవాళ్లు కూడా ఆగిపోతారు. డ్యూటీ భారమంతా పాత స్టాఫ్ మీద పడితే వాళ్లే మీ మీద విసుక్కుంటారు. చివరికి ఆ సంతకం థియేటర్ పని తెలియని ఇంకెవరికో అప్పగిస్తారు. అప్పుడు మీరు గుర్తించే లోపాలను చూసేవాళ్లే ఉండరు.

12 వారాలూ వెనక్కి ఇవ్వమని పోరాడొచ్చు. నా అభిప్రాయంలో ఇది తప్పు చోట పట్టుబట్టడం. వారాలు మంచి కొలత కాదు. ఒక వారంలో మూడు చిన్న కేసులే పడొచ్చు, ఇంకో వారంలో పదిహేను పెద్దవి పడొచ్చు. వారాలకు బదులు కేసులు అడగండి, మీ ఎదుట చేసిన లెక్కలు అడగండి.

నాలుగో దారి ఫారాన్ని విడగొట్టడం. నాకు ఇదే మేలనిపిస్తోంది. అయితే మీ సూపరింటెండెంట్ గారి స్వభావం మీకే బాగా తెలుసు. ఒక్క గడికి బదులు నాలుగు గడులు పెట్టమనండి: సూచనలు ఆపేసిన వీఆర్ పాఠం, చేతిపని, సీనియర్ తోడుతో స్క్రబ్, ఒంటరిగా స్క్రబ్. వీఆర్ గడి వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా చేస్తే నిండుతుంది. చేతిపని గడికి గౌను, గ్లవ్స్, సూది పట్టించడం, పైన చెప్పిన తడి మాప్‌ల లెక్క మీ కళ్ల ముందు చేయాలి. తోడు స్క్రబ్‌కు ఒక్కో రకం ఆపరేషన్‌లో కనీసం ఐదు కేసులు, ప్రతి లెక్కకూ సాక్షి సంతకం. ఒంటరి గడి మాత్రం ఆపరేషన్ పేరు రాసి నింపాలి: "హెర్నియాకు ఒంటరిగా, లాపరాటమీకి ఇంకా తోడుతో" అని. ఈ అంకెలు నా సూచన మాత్రమే, మీ కేసుల సంఖ్యను బట్టి మార్చుకోండి. దీనివల్ల మీకు రాతపని పెరుగుతుంది, అది నిజం. అందరూ ఒకేసారి పూర్తి చేయరు, ఆలస్యమైన అమ్మాయికి చిన్నతనంగా అనిపించొచ్చు. ఒంటరిగా చేయగలిగిన కేసులకు మాత్రం 5 వారాల్లోనే స్టాఫ్ దొరుకుతారు. సూపరింటెండెంట్ గారికి కావలసింది కూడా అదే.

ఆయన దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకండి. రెండు వారాలపాటు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏ ట్రైనీ, ఏ కేసు, లెక్క ఎవరెవరు చేశారు, ఎక్కడ అందించడం ఆలస్యమైంది, వీఆర్‌లో అదే పనికి ఎన్ని మార్కులు. మాప్ సంఘటనను నింద లేకుండా నాలుగు వాక్యాల్లో పెట్టండి. మాట ఇలా మొదలుపెట్టి చూడండి: "సర్, వీఆర్ వల్ల వరుస బాగా వస్తోంది, ఆ పాఠాలు కొనసాగిద్దాం. లెక్క, చేతిపని మాత్రం అందులో రావడం లేదు, ఇదిగో రెండు వారాల నోటు. ఫారంలో గడులు విడగొడితే నేను వీఆర్ భాగానికి ఈ రోజే సంతకం పెడతాను." ఇవ్వగలిగింది ముందు చెబితే అడిగేది వినడం తేలిక. ఆయన కాదంటే, నిండిన గడి పక్కనే "ఫలానా కేసులకు మాత్రమే, నా ఎదుట చూసిన మేరకు" అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అది నచ్చకపోవచ్చు, ఒకటి రెండు మాటలు పడాల్సి రావచ్చు. అయినా ఆ వాక్యంలో అబద్ధం ఉండదు.

పాఠాలు జరిపే తీరులో కూడా చిన్న మార్పులు కావాలి. ఒక్కో ట్రైనీకి కనీసం రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ, పక్కన కాపలాకు ఒక మనిషి. లెన్సులకు స్పిరిట్ తగలనివ్వకండి, పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. ముఖానికి ఆనే భాగానికి తుడిచే వీలున్న సిలికాన్ కవరు వేయించండి. హెడ్‌సెట్‌ను కిటికీ దగ్గర పెట్టకండి, ఎండ లెన్సులోంచి పడితే లోపలి తెర కాలిపోతుంది. మూర్ఛ ఉన్నవాళ్లను ముందే అడిగి మినహాయించండి. పాఠం 15 నిమిషాలైతే ఆ తర్వాతి చర్చ కనీసం 15 నిమిషాలు, వీలైతే 30. ఆ చర్చ లేని వీఆర్ ఒట్టి ఆట. మార్కులు ఎవరు చూస్తారో ట్రైనీలకు మొదటి రోజే చెప్పండి. సూపరింటెండెంట్ టేబుల్ మీదికి వెళ్తాయని తెలిస్తే వాళ్లు నేర్చుకోవడం మానేసి మార్కుల కోసం ఆడతారు.

ఇక ఆ అమ్మాయి. ఆవిడ గురించి మీరు ఉత్తరంలో ఎక్కువ రాయలేదు, నాకు దిగులుగా ఉన్నది ఆమె గురించే. 96 తెచ్చుకుని రెండో రోజే అందరి ముందూ కొయ్యబారిన మనిషికి, తనకు వచ్చిందనుకున్నదంతా అబద్ధమేమో అనిపిస్తుంది. సర్జన్ మాట మీ మీద పడింది గానీ, ఆమె దాన్ని తన మీదే వేసుకుని ఉంటుంది. ఈ వారంలోనే ఒకసారి విడిగా కూర్చోబెట్టండి. "ఎందుకలా చేశావు" అని అడగకండి. "రక్తం వచ్చినప్పుడు నీకు ఏం కనిపించింది, ఏం వినిపించింది?" అని అడిగి, పూర్తిగా చెప్పనివ్వండి. ఏ క్షణంలో ఆగిందో ఆమె నోటి నుంచే వస్తుంది. ఆ క్షణాన్ని పట్టుకుని, సూచనలు ఆపేసిన పాఠంలో మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టించండి. మీరు పక్కనే నిలబడి చేతులు చూడండి. ఆ తర్వాత హెడ్‌సెట్ తీయించి, ఎర్ర నీళ్ల బేసిన్ ముందు ఆమెను సర్క్యులేటింగ్ నర్సుగా నిలబెట్టండి, మీరు స్క్రబ్ చేయండి. ఆ రోజు కలిసి అతుక్కున్న ఆ రెండు మాప్‌లను ఆమె చేతులతోనే విడదీయనివ్వండి.